గొర్రెల సంతలో నా కమీషన్ చెప్పినందుకు

ముందే చెప్పేస్తున్నా, నేను మాట్లాడిన దాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు లేదు. అయినా మొన్న ఉదయగిరి గొర్రెల సంత నా వల్ల ముప్పావుగంట ఆగిపోయింది! ఆగడమంటే అలా ఇలా కాదు. మనుషులందరూ అరుస్తుంటే గొర్రెలు నోళ్లు మూసుకుని చూశాయి. మా నాయన నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మస్తాన్ మామైతే, "ఈ పిల్లను చదివించొద్దని నేను ఆరోజే చెప్పినా" అని కనబడిన వాళ్లందరికీ చెప్పుకుంటున్నాడట. అబద్ధం! కాలేజీలో చేర్చేటప్పుడు నా ట్రంకు పెట్టె మోసుకొచ్చింది ఆయనే.

సరే, మొదటి నుంచి వినండి. విన్నాక తీర్పు మీరే చెప్పండి. నాకు వ్యతిరేకంగా చెప్తే మాత్రం ఒప్పుకోను.

నేను ఆత్మకూరులో ఒక ఇన్సూరెన్స్ బ్రోకరు ఆఫీసులో చేరి మూడు నెలలైంది. ఆఫీసంటే పెద్దగా ఊహించుకోకండి. నెల్లూరు కంపెనీకి బ్రాంచి. ఒక షట్టరు గది, రెండు టేబుళ్లు, ఒక ఫ్యాను, ఆ ఫ్యాను కింద మా శ్రీధర్ సార్. ఫ్యాను గాలి నా టేబుల్ దాకా రాదు. ట్రైనింగ్ పూర్తి చేశాను, పరీక్ష రాసి పాసయ్యాను, కానీ ఇంకా ప్రొబేషన్. నెలాఖరులోపు ఒక్క గొర్రెల మందకైనా ఇన్సూరెన్స్ చేయిస్తే ఉద్యోగం పర్మనెంటు. లేకపోతే సార్ "చూద్దాంలేమ్మా" అంటారు. ఆయన "చూద్దాం" అన్నాక నాకు ముందు చేసిన ఇద్దరూ మళ్లీ ఆ షట్టరు దాటి లోపలికి రాలేదు.

ట్రైనింగులో నేర్పింది రెండు ముక్కల్లో చెప్తాను. ఏజెంటు వేరు, బ్రోకరు వేరు. ఏజెంటు కంపెనీ మనిషి. బ్రోకరు కొనేవాళ్ల మనిషి. నాలుగు కంపెనీల పాలసీలు ముందు పెట్టి, దేనికెంత, దేంట్లో ఏది రాదు, అన్నీ విప్పి చెప్పాలి. మరి బ్రోకరుకు డబ్బులెవరిస్తారు? కంపెనీయే ఇస్తుంది. మనం కట్టే ప్రీమియంలోంచే కొంత కమీషనుగా బ్రోకరుకు పోతుంది. అదెంత అని క్లయింటు అడిగితే దాచకుండా చెప్పి తీరాలి. ఆ కమీషన్లోంచి ఒక్క రూపాయి క్లయింటుకు తిరిగి ఇచ్చినా తప్పే.

ఇది విన్న రోజే నేను లేచి అడిగాను. "అడిగితేనే ఎందుకు సార్? అడక్కపోయినా చెప్పొచ్చు గదా?"

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "కల్పనా, అడిగితే చెప్పు. అడక్కపోతే గొర్రెల గురించి మాట్లాడు."

అదీ నాకు మండిన చోటు! కాలేజీలో మూడేళ్లు డిబేట్లు చేసినదాన్ని. అనుకూలమిచ్చినా గెలిచాను, ప్రతికూలమిచ్చినా గెలిచాను. అడగడం తెలియని వాళ్ల దగ్గర నోరు మూసుకోవడం న్యాయమా? నేను మాత్రం అడక్కముందే చెప్తా, అందరి ముందూ చెప్తా అని ఆరోజే తీర్మానం చేసుకున్నాను.

నేను ఎంచుకున్న మనిషి పెంచలమ్మత్త. వరికుంటపాడు పక్కన చెరువు కింద చిన్న పల్లె ఆమెది. నలభైకి పైగా గొర్రెలు. పోయిన వానల్లో రోగమొచ్చి వారంలో పదకొండు చచ్చిపోయాయి. ఆ వారం ఆమె అన్నం ముట్టలేదని మా ఇంట్లో చెప్పుకున్నారు. ఇన్సూరెన్స్ అవసరమంటే ఆమెకే అవసరం. పైగా ఆమె ఊ అంటే ఆ చుట్టుపక్కల పల్లెలన్నీ ఊ అంటాయి. ఆమె సంతకు రెండు పొట్టేళ్లు తోలుకొస్తుందని తెలిసి, నేను పొద్దున్నే ఆత్మకూరులో బస్సెక్కి ఉదయగిరిలో దిగాను.

ఆమె సంతకొస్తుందని నాకెట్లా తెలిసింది? ఆ సంతలో పెద్ద దళారి మా నాయన మాలకొండయ్య గనక. మా ఇంట్లో బ్రోకరు ఉద్యోగం నాతో మొదలు కాలేదన్నమాట.

మా సంతలో బేరం ఎట్లా జరుగుతుందో చూడని వాళ్లకు చెప్పాలి. ధర నోటితో పలకరు. పలికితే ఆ ధర సంతంతా అంటుకుంటుందని భయం. దళారి అమ్మేవాళ్ల చెయ్యి పట్టుకుని పైన తువ్వాలు కప్పుతాడు. లోపల వేళ్లు నొక్కి ధర తెలుసుకుంటాడు. తర్వాత కొనేవాడి దగ్గరికి పోయి, మళ్లీ తువ్వాలు, మళ్లీ వేళ్లు. ఇద్దరికీ చెప్పిన ధరల మధ్య ఎంత తేడా ఉందో ఆ తువ్వాలుకు తెలుసు, మా నాయనకు తెలుసు. అమ్మేవాళ్లు అడగరు, కొనేవాళ్లు అడగరు. అడిగితే మర్యాద కాదు. నేను పుట్టక ముందు నుంచీ అంతే.

నేను పోయేసరికి పెంచలమ్మత్త పొట్టేళ్లు రెండూ అప్పుడే అమ్ముడుపోయాయి. నెల్లూరు నుంచి వచ్చినాయన వాటిని బండెక్కిస్తున్నాడు. మా నాయన మంచి హుషారుగా ఉన్నాడు.

"మే పెంచలమ్మా, మా పాప వచ్చినాది. ఇన్సూరెన్సు ఉద్యోగం. ఏందో చెప్తాదంట, రవంత విను."

నేను మొదలుపెట్టాను. నాలుగు కంపెనీల కాగితాలు నీళ్ల తొట్టి గట్టు మీద పరిచాను. ఏ రోగానికి వస్తుంది, పిడుగు పడితే ఏంది, లారీ గుద్దితే ఏంది, అన్నీ చెప్పాను. "చెవికి ట్యాగు వేస్తారత్తా. అది ఊడిపోతే వెంటనే చెప్పాల. ట్యాగు లేని గొర్రె చస్తే పైసా రాదు. దొంగలు తోలుకుపోతే ఈ మూడిట్లో రాదు, ఈ ఒక్కదాంట్లోనే వస్తాది." ఆమె చాలా శ్రద్ధగా విన్నది. అన్నీ విని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"అంతా బాగానే ఉండాది గానీ పాపా, దీంట్లో నీకేం వస్తాది?"

అడిగింది! అడక్కపోయినా చెప్తానని నేను వచ్చానా, ఆమే అడిగింది! అడగడమే కాదు, పైట కొంగు తీసి నా చేతి మీద కప్పి, కింద నా వేళ్లు పట్టుకుంది. చెప్పు అన్నట్టు నొక్కింది.

అక్కడ ఆ వేళ్లు నొక్కేసి ఊరుకుని ఉంటే మీకు ఈ కథే ఉండేది కాదు.

నేను కొంగు తీసేశాను. "కొంగెందుకత్తా? ఇదేం దొంగతనమా? అందరికీ వినబడేట్టు చెప్తా!" అని తొట్టి గట్టెక్కాను. ఎందుకెక్కానంటే ఏం చెప్పను, ఎత్తుగా ఏదైనా కనబడితే ఎక్కి మాట్లాడడం కాలేజీలో అలవాటైపోయింది. "నూటికి పదిహేను!" అని అరిచాను.

సంతలో అంకె పైకి పలకడం ఎప్పుడూ లేదు గదా, దగ్గరున్న తలకాయలన్నీ గిర్రున తిరిగాయి. కొన్ని చేతులు తువ్వాళ్ల కిందే ఆగిపోయాయి.

"ఏందమ్మా పదిహేను?" అన్నాడొకాయన.

"మా ఆఫీసు కమీషన్! మీరు కట్టే నూరు రూపాయల్లో పదిహేను మాకు. కంపెనీ ఇస్తాది. మధ్యలో నిలబడి పని జరిపించేవాళ్లు తమకెంత వస్తాదో మీకు చెప్పాల. అడగడం మీ హక్కు. చెప్పడం మా బాధ్యత!"

చప్పట్లు రాలేదు. వచ్చుంటే అక్కడితో ఆగేదాన్ని. తర్వాత పెంచలమ్మత్త పక్కనున్న ముసలాయన తువ్వాలు కిందనుంచి మెల్లగా చెయ్యి లాక్కున్నాడు. ఆ తువ్వాలు మస్తాన్ మామది, ఆయనా దళారే.

"మస్తానూ, ఆ పిల్ల చెప్పింది నాయంగానే ఉండాది. నీకెంత?"

"ఏంది నాకెంత? అది ఇన్సూరెన్సు, ఇది గొర్రె!"

"ఇన్సూరెన్సు దళారికొక నాయం, గొర్రెల దళారికొక నాయమా? చెప్పి బేరం చెయ్యి."

అంతే! మాట అంటుకుంది. ఇటు పక్క ఒకరు చెయ్యి లాక్కున్నారు, అటు పక్క ఇద్దరు. సంతలో ఉన్న దళారులందరి తువ్వాళ్లూ ఖాళీ అయిపోయాయి. "ముందు నీది చెప్పు" అని అమ్మేవాళ్లు, "మా కాడ తీసుకునేది చెప్పు" అని కొనేవాళ్లు. బండి డ్రైవర్లు హారన్లు కొడుతున్నారు. మస్తాన్ మామ పరుగెత్తుకొచ్చాడు.

"బేటీ, కిందికి దిగు. నీకు దణ్ణం పెడతా."

"మామా, వాళ్లడిగిన దానికి జవాబు చెప్పండి. విషయం పక్కదారి పట్టించొద్దు."

"పక్కదారి ఏందే! ఉండే దారి మూసేసినావు గదే! మాలకొండయ్యా, ఏం పెట్టి పెంచినావయ్యా దీన్ని?"

మా నాయన దూరంగా నిలబడి నన్ను చూస్తున్నాడు.

అప్పుడు పెంచలమ్మత్త చెయ్యెత్తింది. చుట్టూ గోల కొంచెం తగ్గింది. "పాపా, నీ మాట నాకు నచ్చినాది. నీ కాగితం మీద ఇప్పుడే సంతకం పెడతా. అయితే ఒకటి. మీ నాయన నా పొట్టేళ్ల మీద ఎంత తీసుకున్నాడో అడిగి చెప్పించు. చెప్పిస్తే పెడతా."

చూడండి, నేను ఎంత పిరికిగా దొరికిపోయానో! నా నోట్లోంచి మొదట వచ్చిన మాట ఇది: "అత్తా, అది వేరే. ఆ రూలు ఇన్సూరెన్సు బ్రోకర్లకే. గొర్రెల సంతకు అట్లాంటి చట్టం లేదు."

సంతంతా ఒక్కసారి "ఓహో" అన్నది. నిజంగా అంతమందీ అన్నారు.

"మీ ఇంటి దళారి గాబట్టి చట్టం లేదా?" అన్నది పెంచలమ్మత్త.

మూడేళ్ల డిబేట్లలో నన్నెవరూ ఇట్లా కొట్టలేదు. ఎదుటివాళ్లు ఇంగ్లీషులో కొట్టినా తట్టుకున్నాను. ఆమె ఒక్క వాక్యంతో నన్ను గట్టు మీదే కూలబెట్టింది. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని బస్సెక్కొచ్చు. మా నాయన పరువు నిలబడుతుంది. నా ఉద్యోగం పోతుంది, పోనీ. కానీ ఆమె గొర్రెలు? ఈ వానలకు మళ్లీ రోగమొస్తే?

గట్టు దిగాను. మా నాయన దగ్గరికి నడిచాను. జనం దారిచ్చారు.

"నాయనా..."

"ఏంది?" అన్నాడు. గొంతు పెద్దగా లేదు. అందుకే భయమేసింది. "పదో తరగతి ఫీజు కట్టినప్పుడు అడిగినావా యాడనుంచి వచ్చినాదని? హాస్టలుకు కట్టినప్పుడు అడిగినావా? డిబేటని తిరపతికి పోతివే, బస్సు చార్జీలు ఈ తువ్వాలు కిందనుంచే గదా వచ్చినాయి. అప్పుడు అడగలా. ఇయ్యాల నూరు మందిలో అడగాల్సొచ్చినాదా?"

ఏడిస్తే అయిపోయేది. అక్కడున్న ఆడవాళ్లంతా నా వైపు వచ్చేసేవాళ్లు, మా నాయన ఒక్కడే విలన్ అయిపోయేవాడు. అందుకే ఏడవలేదు.

"లేదు నాయనా, అప్పుడు అడగలా. అప్పుడే అడగాల్సింది, తప్పు నాదే. ఆ డబ్బుతో చదువుకున్నా గనకనే ఇప్పుడు అడుగుతుండా. పెంచలమ్మత్త పొట్టేళ్ల మీద నీకెంత?"

ఆయన భుజం మీది తువ్వాలు తీసి, మడిచి, తొట్టి దగ్గరికి నడిచి గట్టు మీద పెట్టాడు. పెంచలమ్మత్త వైపు తిరిగాడు.

"మే పెంచలమ్మా. జతకు నీ కాడ ఐదొందలు, అది నువ్వు ఇచ్చినదే. నెల్లూరాయన కాడ ఐదొందలు. మధ్యలో ధర తేడా ఒక మున్నూరు. ఈ సంతలో నేను నోటితో చెప్పడం ఇదే."

పెంచలమ్మత్త బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది.

"మున్నూరేనా?"

"మున్నూరే."

"అయ్యో నా తండ్రీ! నేను వెయ్యి అనుకోనుండానే! ప్రతి సంతకూ ఇంటికి పోయి నిన్ను వెయ్యికి సరిపడా తిడతానే! ఇన్నేళ్లూ ఏడొందల తిట్లు ఊరికే పోయినాయి గదన్నా!"

సంత పగలబడి నవ్వింది. మా నాయన నవ్వలేదు గానీ మీసం కదిలింది. ఆ తర్వాత చూడాలి. "మాలకొండయ్యా, నా రెండు గొర్రెలు నువ్వే చూడు" అని ఒకరు, "నా మేకలు" అని ఇంకొకరు. చెప్పిన దళారి ఆయనొక్కడే గదా మరి! మస్తాన్ మామ ఎటూ తోచక, తనది కూడా చెప్పేశాడు. ఆయనది మా నాయన దానికంటే ఎక్కువ. ఎంతో నేను చెప్పను, ఆయన నాకు మామ.

పెంచలమ్మత్త మాట తప్పలేదు. పెన్ను తీసుకుంది. సంతకం పెట్టబోతూ ఆగింది. "ఆ పదిహేనులో సగం నాకిచ్చేయి పాపా. మనం మనం."

"ఇయ్యకూడదత్తా. తప్పు."

"ఇయ్యనప్పుడు అంత గట్టెక్కి అరవడం దేనికి?"

"నీకు తెలియాల గదా."

"తెలిసి నేనేం చేసుకోవాల?" అంటూనే సంతకం పెట్టింది. గుండ్రటి అక్షరాలు, ఇంటి పేరుతో సహా. నా మొదటి క్లయింటు! ఆ కాగితం మీద గొర్రె కాలు పడకుండా గుండెలకు హత్తుకున్నాను.

గెలిచాననుకున్నారా? నేనూ అనుకున్నాను. అప్పుడు మా నాయన దగ్గరికొచ్చాడు.

"సంత నాది. గిరాకీ నాది. బేరం కుదిరినాది నా నోటి వల్ల. నా వాటా యాడ?"

"నాయనా... లైసెన్సు లేనివాళ్లకు కమీషన్ ఇయ్యకూడదు. రూలు."

"అంటే నాది నూరు మందిలో చెప్పిస్తావు, నీది రవ్వంత కూడా ఇయ్యవు."

"ఊఁ."

"బాగుండాది చట్టం." అందరికీ వినబడేట్టు అడిగాడు. "సరే. ఆ పదిహేను మీ ఆఫీసుకు గదా. దాంట్లో నీకెంత?"

సంతంతా నా జవాబు కోసం చూస్తోంది. చేరేరోజు శ్రీధర్ సార్ "జీతం కాక ఇన్సెంటివ్ కూడా ఉంటుందమ్మా" అన్నారు. నేను "థాంక్యూ సార్" అన్నాను. అంతే!

"ఇన్సెంటివ్ ఉంటాది" అన్నాను మెల్లగా.

"ఎంత?"

"...అడగలా."

మస్తాన్ మామ అప్పటిదాకా ముడుచుకుని కూర్చున్నవాడు ఎగిరి లేచాడు. "సంతలో అందరి లెక్కా అడిగినాది! దాని లెక్క అది అడగలా! యా అల్లా!" ఆయనకు ఆరోజు పోయిన గిరాకీ అంతా ఆ ఒక్క నవ్వులో తిరిగొచ్చింది.

ఆ తర్వాత రెండు రోజులు మా నాయన ఫోన్ ఎత్తలేదు. కోపమో, నొప్పో నాకు తెలుసు. అడిగినందుకు కాదు, అందరిలో అడిగినందుకు. అయినా నేను సారీ చెప్పలేదు. మూడో రోజు ఆయనే ఫోన్ చేశాడు. బాగుండావా లేదు, తిన్నావా లేదు.

"కనుక్కున్నావా?" అన్నాడు.

"ఇంకా లేదు."

"నన్ను అడిగిన ధైర్యం యాడ పోయినాది?" అని పెట్టేశాడు.

ఇంకేముంది! నేరుగా ఫ్యాను కిందికి పోయి నిలబడ్డాను. పెంచలమ్మత్త కాగితం చూసి, ఆ పల్లెల నుంచి వచ్చిన మరో ఆరు ఫోన్లూ విని సార్ మంచి సంతోషంలో ఉన్నారు.

"సార్, నా ఇన్సెంటివ్ ఎంత?"

"ఇప్పుడెందుకమ్మా? చూద్దాంలే."

"చూడొద్దు సార్, చెప్పండి. అడిగితే చెప్పి తీరాలని రూలు."

సార్ నవ్వారు. "రూలు క్లయింటుకు కల్పనా. నువ్వు స్టాఫ్."

నేను బయటికి చూశాను. షట్టరు పక్కన నా స్కూటీ. ఆత్మకూరు చుట్టుపక్కల పల్లెల్లో మూడు నెలలుగా ఇన్సూరెన్స్ గురించి ఉపన్యాసాలిస్తూ తిరిగిన బండి. దాని ఇన్సూరెన్స్ అయిపోయి రెండు నెలలైంది. సిగ్గే, ఒప్పుకుంటున్నా. ఈరోజు రేపంటూ వాయిదా వేస్తూ వచ్చాను. పర్సు తీసి ఏటీఎం కార్డు టేబుల్ మీద పెట్టాను.

"నా స్కూటీకి పాలసీ చేయండి సార్. మన ఆఫీసు ద్వారానే."

చేశారు. రసీదు చేతికొచ్చాక కుర్చీ లాక్కుని, క్లయింట్లు కూర్చునే వైపు కూర్చున్నాను.

"ఇప్పుడు క్లయింటుగా అడుగుతున్నా. నేను కట్టిన దాంట్లో మీ ఆఫీసుకు ఎంత? దాంట్లో మీ స్టాఫ్ కల్పనకు ఎంత?"

స్టాఫ్ సంగతి చెప్పాలని రూల్లో లేదని సార్‌కూ తెలుసు, నాకూ తెలుసు. నేను లేవనని కూడా ఆయనకు తెలుసు. కళ్లద్దాలు తుడుచుకుని చెప్పారు. ఆఫీసుకు ఎంతో చెప్పారు. వచ్చే నెల నుంచి నేను పర్మనెంటు అని చెప్పారు. అప్పటి నుంచి నా ఇన్సెంటివ్ ఎంతో చెప్పారు. ప్రొబేషన్లో చేసిన వాటికి సున్నా అని కూడా చెప్పారు. అంటే పెంచలమ్మత్త మందకు సున్నా. నా స్కూటీకి సున్నా.

అయితే ఏం! నోటితో చెప్పించాను గదా! కాకపోతే, ఎదురు డబ్బు కట్టి మరీ తనకెంత వస్తుందో కనుక్కున్న ఉద్యోగి మా ఆత్మకూరు బ్రాంచిలో ఇప్పటిదాకా నేనొక్కదాన్నే.